అపరాధం ఋణమా?

బైబిలు తెలుగు అనువాదంలో ‘ప్రాయశ్చిత్తము’ అన్న పదం స్థిరపడిపోయినది. ధర్మశాస్త్ర పరిభాషలో ప్రాయశ్చిత్తానికి కర్త పాపం చేసినవాడే. ఉపవాసమైనా, జపమైనా, దానమైనా వానిదే. క్రైస్తవ వేదాంతంలో కర్త ఒకడు, ఫలభోక్త మరొకడు. ఆంగ్లంలో ఈ భావానికి వాడే ‘అటోన్‌మెంట్’ అన్న మాటకు మూలార్థం ఏకీభావం, అనగా విడిపోయినవారు తిరిగి ఒకటి కావడం. 16వ శతాబ్దంలో విలియం టిండేల్ తన బైబిలు అనువాదంలో ఆ అర్థంలోనే దానిని ప్రయోగించినాడు. ఆ ఏకీభావం ఏ ఉపాయంచేత సిద్ధిస్తుందన్నదే వివాదం.

ఈ వివాదంలో నేడు బిగ్గరగా వినిపించేది దండప్రత్యామ్నాయ వాదం. పాపానికి దండన అనివార్యం, దేవుడు న్యాయాధిపతి, మానవుడు పొందవలసిన దండనను క్రీస్తు శిలువపై తాను పొందినాడు, కనుక మానవుడు విముక్తుడు: ఇదీ దాని స్వరూపం. సువార్త అంటే ఇదేననీ, ఆదినుండి సంఘం విశ్వసించినది ఇదేననీ దీని సమర్థకులలో అనేకులు చెప్పుతారు. ఈ రెండు వాక్యాలూ పరీక్షకు నిలవవు.

క్రీ.శ. 325లో నికేయా సభ, 451లో కాల్సిడోన్ సభ క్రీస్తు స్వరూపాన్ని నిర్ణయించినవి. శిలువ ఎట్లు రక్షిస్తుందో ఏ సార్వత్రిక సభా నిర్ణయించలేదు. ప్రాచీనుల రచనలలో దండనకు సంబంధించిన మాటలు అక్కడక్కడ ఉన్నవి. కాని వారికి ప్రియమైన చిత్రం వేరు. మానవుడు సైతానుకు బందీ. క్రీస్తు విమోచనమూల్యం, విజేత. 4వ శతాబ్దంలో నిస్సా గ్రెగొరీ దీనిని గాలపు ఉపమానంతో వర్ణించినాడు: మాంసపు ఎరలో కొక్కెంవలె దైవత్వం మానవశరీరంలో దాగి ఉన్నది, సైతాను మింగినాడు, చిక్కినాడు. ఆయన మిత్రుడైన నాజియాన్జస్ గ్రెగొరీ దీనిని సహించలేదు. దొంగకు మూల్యం చెల్లించడమా? పోనీ, తండ్రికి చెల్లించినారనుకుంటే, మనలను బంధించినది ఆయన కాదే! ఈ రెండవ ప్రశ్నకు దండవాదులు నేటికీ ఋణపడి ఉన్నారు.

పశ్చిమదేశాలలో ఆలోచనను మలుపు తిప్పినవాడు ఆన్సెల్మ్. 1098లో ముగిసిన ‘కుర్ దేవుస్ హోమో’ (దేవుడు మనుష్యుడెందుకైనాడు) అన్న గ్రంథం బోసో అనే శిష్యునితో సంవాదం. పాపమంటే దేవునికి చెల్లవలసిన గౌరవాన్ని చెల్లించకపోవడం. చెదిరిన వ్యవస్థను సరిచేయడానికి మార్గాలు రెండే: పరిహారం చెల్లించాలి, లేదా దండన పొందాలి. ఇక్కడ ఆగి గమనించవలసినది ఆ ‘లేదా’. ఆన్సెల్మ్ మతంలో పరిహారం దండనకు వికల్పం. పరిహారం చెల్లితే దండన లేదు. పాపరహితుడైన క్రీస్తు మరణానికి బద్ధుడు కాడు; స్వేచ్ఛగా ప్రాణం అర్పించినాడు; అది సమస్త పాపాన్నీ మించిన కానుక. అతడు దండింపబడినాడని ఆన్సెల్మ్ అనలేదు. ఆయనను తమ పూర్వాచార్యునిగా ఉదాహరించే దండవాదులు ఆయన గ్రంథాన్ని తెరచినారా అన్న సందేహం కలుగుతుంది. వికల్పంగా ఉన్న రెంటినీ కలిపి, దండనయే పరిహారమని చేసినది 16వ శతాబ్దపు సంస్కర్తలు, విశేషించి కాల్విన్.

ఆ కలయికలోనే దోషం ఉన్నది. దానిని బయటపెట్టినవాడు ఇటలీలో పుట్టిన ఫాస్టో సొజ్జీని, లాటిన్ పేరుతో సోసినస్. 1578లో వ్రాసిన గ్రంథంలో ఆయన వాదం సరళం. ఋణాన్ని మాఫీ చేస్తే చెల్లింపు లేదు. చెల్లింపు జరిగితే మాఫీ లేదు. దేవుడు క్షమించినాడనీ, పూర్తిగా వసూలు చేసుకున్నాడనీ ఏకకాలంలో చెప్పడం వ్యాఘాతం. పైగా ధనఋణాన్ని మిత్రుడు తీర్చవచ్చును, ఎందుకంటే ధనం ఎవరి చేతినుండి వచ్చినా ధనమే. మరణదండన అట్టిది కాదు. అది అపరాధిని అంటిపెట్టుకొని ఉంటుంది. రెండు శతాబ్దాల తరువాత 1793లో కాంట్ కూడ అపరాధం ధనంవలె చేతులు మారదని వ్రాసినాడు.

సమర్థకులు ఊరకుండలేదు. డచ్ న్యాయవేత్త గ్రోషియస్ 1617లో సమాధానం వ్రాసినాడు: దేవుడు అప్పులవాడు కాడు, పాలకుడు, చట్టాన్ని సడలించే అధికారం ఆయనకున్నది, చట్టం పట్ల భయం నశించకుండ క్రీస్తును నిదర్శనంగా దండించినాడు. చతురమైన వాదమే. కాని సడలింపు సాధ్యమని ఒప్పుకున్న క్షణాన ‘దండన అనివార్యం’ అన్న మూలస్తంభం కూలినది. మిగిలినది రాజనీతి. నిరపరాధిని నిదర్శనార్థం దండించే రాజనీతిని లోకంలో న్యాయమని ఎవరంటారు?

మరింత బలమైన పూర్వపక్షం 1997లో డేవిడ్ లూయిస్ అనే తత్త్వవేత్త వ్యాసంలో ఉన్నది. ఆయన క్రైస్తవుడు కాకపోవడం గమనార్హం. జరిమానా కూడ దండనే, దానిని మిత్రుడు చెల్లిస్తే ఎవరూ ఆక్షేపించరు, కనుక ఈ విషయంలో లోకమంతా ద్వైధీభావంలోనే ఉన్నదన్నాడు. అయితే ఈ ఉదాహరణ దండవాదులకు తోడ్పడదు. జరిమానా చేతులు మారేది ధనరూపంలో ఉన్నంతవరకే. అపరాధికి బదులుగా అతని తమ్ముణ్ణి ఉరికంబం ఎక్కించే న్యాయస్థానం లేదు. శిలువ జరిమానా కాదు, మరణదండన.

చివరి ఆశ్రయం ఐక్యం. క్రీస్తు అన్యుడు కాడు, విశ్వాసులకు శిరస్సు. వారు ఆయన అవయవాలు. లూథర్ 1520లో దీనిని వధూవరుల సంబంధంతో పోల్చినాడు: వధువు ఋణాలు వరునివి, వరుని సంపద వధువుది. అందమైన ఉపమానమే, ఇందులో సత్యమూ ఉన్నది. పౌలు కూడ క్రీస్తుతోపాటు మరణించడాన్ని గూర్చి చెప్పినాడు. కాని వివాహంచేత ఋణాలు కలుస్తవి, హత్యానేరాలు కలవవు. పైగా ‘తోపాటు’ మరణించినవానికి ‘బదులుగా’ మరొకరు మరణించినారనడం పొసగదు. ఐక్యాన్ని నిజంగా స్వీకరించినవాడు ప్రత్యామ్నాయాన్ని వదలుకొనవలసినదే.

ఈ వాదం వేదాంతుల కలహంగా మిగిలిపోదు. గాయపరచినవాడు క్షమాపణ కోరి వచ్చినప్పుడు, గాయపడినవాడు మరెవరినైనా కొట్టితే తప్ప క్షమించలేనంటే, దానిని క్షమ అంటారా? దైవక్షమకు అదే నిర్వచనమైతే దానిని అనుకరించవలసిన భక్తుడు ఏమి నేర్చుకుంటాడు? 12వ శతాబ్దంలో అబెలార్డ్ నిరపరాధి రక్తాన్ని మూల్యంగా కోరడం క్రూరమనీ, శిలువ మానవునిలో ప్రేమను మేల్కొలుపుతుందనీ వ్రాసినందుకు క్లెర్వో బెర్నార్డ్ ఆగ్రహించినాడు. ప్రేమ మేల్కొంటే చాలునా అన్న ఆక్షేపం అబెలార్డ్‌పై నేటికీ ఉన్నది, అది తేలికైనది కాదు. కాని లూకా సువార్త 15వ అధ్యాయంలో క్రీస్తు చెప్పిన తప్పిపోయిన కుమారుని కథలో తండ్రి ఎవరినీ దండించలేదు. కుమారుడు నోరు విప్పకముందే పరుగెత్తి ఎదురువెళ్లినాడు. లెక్కలు తీసినవాడు పెద్దకుమారుడు.