బాలింతను ఇంటికి పంపేముందు జ్వరం సంగతి అడగండి

కృష్ణా జిల్లా వైద్య ఆరోగ్యశాఖాధికారి గారికి,

నెలలు నిండిన గర్భిణికి జ్వరమొస్తే ఆ సంగతి ప్రసవం చేసే డాక్టరు దాకా చేరుతోందా అండీ?

2006లో చికున్‌గున్యా మన రాష్ట్రాన్ని మంచాన పడేసింది. ఆ రోజుల్లోనే రీయూనియన్ దీవిలో వైద్యులు ఒకటి గమనించారు. ప్రసవ సమయానికి తల్లి రక్తంలో వైరస్ ఉంటే దాదాపు సగం మంది బిడ్డలకు సోకింది. సిజేరియన్ చేసినా ఆగలేదు. పుట్టినప్పుడు బిడ్డ బాగానే ఉంటుంది. మూడో రోజు నుంచి వారంలోపు జ్వరం, పాలు తాగకపోవడం, ప్లేట్‌లెట్లు పడిపోవడం. కొందరికి మెదడే దెబ్బతింది. డెంగీ కూడా ఇలా తల్లి నుంచి బిడ్డకు రాగలదు.

మామూలు కాన్పయితే ఆ మూడో రోజుకి బాలింత మచిలీపట్నంలోనో గుడివాడలోనో ఆస్పత్రిలో ఉండదు, తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఇంటికెళ్లిపోతుంది. ఇల్లు ఎదురుమొండి దీవిలో అయితే పంటు మీద కృష్ణ దాటాలి. అర్ధరాత్రి బిడ్డ పాలు తాగకపోతే వాళ్లెక్కడికి పోవాలి?

మా దివిసీమ చివరి ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పన. మంచినీళ్లు డ్రమ్ముల్లో పట్టుకోక తప్పదు, ఈ రెండు జ్వరాలనూ మోసే ఏడిస్ దోమ గుడ్లు పెట్టేదీ వాటిలోనే. నీళ్లు నిల్వ ఉంచొద్దంటూ కరపత్రాలు పంచే బదులు బిగుతైన మూతలివ్వండి.

తొమ్మిదో నెలలో జ్వరమొచ్చిన ప్రతి గర్భిణికీ పీహెచ్‌సీలోనే రక్తం తీసి డెంగీ, చికున్‌గున్యా పరీక్షలకు పంపించండి. జ్వరమొచ్చిన తేదీ మాతా శిశు కార్డు మీద రాయించండి. కాన్పుకు ముందు వారంలో జ్వరముంటే బిడ్డను ఏడు రోజులు ఆస్పత్రిలోనే ఉంచి చూడమనండి. ఈ ఆదేశం రాతపూర్వకంగా, వానలు మొదలయ్యేలోపు ఇచ్చి, ప్రతిని ఆశా కార్యకర్తలకూ అందేలా చూడండి.

ఇట్లు,
నాగాయలంక మండల వాసి