తొలినాళ్ళ తడి

గత మాసంలో సంస్థ పనిమీద పుదుచ్చేరి నుండి కడలూరు వెళుతూ, దారిలో కిరుమాంబాక్కం వద్ద కొంతసేపు ఆగవలసి వచ్చింది. పుదుచ్చేరికి దక్షిణాన, బాహూరు కొమ్యూనులో, ప్రధాన రహదారిని ఆనుకొని ఉన్న ఊరు అది. ఒక వైద్య కళాశాల, ఒక ఇంజనీరింగు కళాశాల వెలసిన తరువాత ఆ పేరు దూరప్రాంతాల విద్యార్థులకు సైతం పరిచితమైనది. తూర్పుగా కొద్దిదూరం పోతే సముద్రమే.

రోడ్డు ప్రక్కన తేనీరు సేవిస్తూ ఉండగా, ఎదుట కడుతున్న భవనం నీడలో నుండి తెలుగు మాట వినిపించింది. "ఊరుకో నాయనా, ఊరుకో, ఇదిగో వచ్చేస్తన్నాను" అంటున్నది ఒక తల్లి, తలమీది తట్ట దింపకుండానే. రెండు స్తంభాల నడుమ పాతచీరతో కట్టిన ఉయ్యాలలో పసివాడు ఏడుస్తున్నాడు. ఆరేళ్ళ అక్క ఉయ్యాల ఊపుతున్నది. పలకరిస్తే, శ్రీకాకుళం జిల్లా నుండి పనికి వచ్చిన కుటుంబమని తెలిసింది.

ఆ దృశ్యం మమ్మల్ని సుమారు ముప్పై ఏళ్ళ వెనుకకు తీసుకొనిపోయింది. అప్పుడు మేము ఒక నిర్మాణస్థలంలో కొత్తగా చేరిన ఇంజనీర్లము. ఒకనాడు స్లాబు పోస్తున్నారు. ఇటువంటి చీర ఉయ్యాలలోనే ఒక బిడ్డ గుక్కపట్టి ఏడుస్తున్నది. పాలిచ్చి వస్తానని తల్లి మేస్త్రీని అడిగింది. మేస్త్రీ మా వంక చూశాడు. "స్లాబు అయిపోనీ" అన్నాము. స్లాబు పూర్తికావడానికి మరి మూడు గంటలు పట్టింది. మరునాటి నుండి ఆ స్లాబుపై గోనెపట్టాలు కప్పించి, పూటపూటకూ నీళ్ళు కొట్టించి, ఆ వేళలను రిజిస్టరులో స్వయంగా నమోదు చేశాము. కాంక్రీటుకు తొలిదినాలలో తడి అందకపోతే తరువాత ఎన్ని నీళ్ళు పోసినా రావలసిన బలం రాదని మాకు కళాశాలలో నేర్పారు. బిడ్డ విషయంలో ఆ మాట మాకు స్ఫురించలేదు.

ఈ మాసం ఈ శీర్షికలో ఆ విషయమే ముచ్చటించదలచాము. పసితనంలో అనుభవించిన ఒత్తిడి పెద్దతనంలో మెదడుపై, నడతపై, చివరకు రక్తంలోని చక్కెరపై సైతం ప్రభావం చూపగలదని శాస్త్రజ్ఞులు నేడు చెబుతున్నారు. అది ఎట్లా సంభవిస్తుంది?

కారణం ఏదైనప్పటికీ, హాని ఎదురైనప్పుడు దేహం ఇంచుమించు ఒకే తీరున ప్రతిస్పందిస్తుందని 1936లో హాన్స్ సెల్యే అనే శాస్త్రవేత్త ప్రకటించాడు. అంతవరకు లోహాలకు మనం వాడుకొనే 'స్ట్రెస్' అనే మాట తరువాత ఆయన ద్వారానే వైద్యంలో స్థిరపడింది. ఆపద తోచగానే మెదడులోని హైపోథాలమస్ పిట్యూటరీ గ్రంథికి, అది మూత్రపిండాలపై టోపీల వలె అమరిన అడ్రినల్ గ్రంథులకు సందేశం పంపుతాయి. కార్టిసాల్ అనే హార్మోను రక్తంలో చేరుతుంది. చక్కెర పెరుగుతుంది, దేహం పోరుకో పరుగుకో సిద్ధమవుతుంది. పెరుగుదల, జీర్ణక్రియ వంటి నిదానపు పనులు వాయిదా పడతాయి. ఆపద గడిచాక అదే కార్టిసాల్ మెదడులోని హిప్పోకాంపస్ అనే భాగాన్ని చేరి, ఇక చాలునన్న కబురు అందిస్తుంది. అంతటితో వ్యవస్థ చల్లబడుతుంది. మనం నిత్యం చూసే ఫీడ్‌బ్యాక్ సూత్రమే ఇది.

మన సబ్‌స్టేషనులోని రిలేను తలచుకోండి. దాని సెట్టింగు సరిగా ఉంటే నిజమైన లోపం వచ్చినప్పుడే బ్రేకరు ట్రిప్పవుతుంది. సెట్టింగు అతిసున్నితమైతే చిన్న ఒడుదొడుకుకే సరఫరా నిలిచిపోతుంది. మొద్దుబారితే మంట లేచినా కదలదు. మానవదేహంలో ఈ సెట్టింగు చాలావరకు గర్భంలోనూ, పుట్టిన తరువాతి తొలి సంవత్సరాలలోనూ కుదురుకుంటుంది. ఆ కాలంలో బిడ్డ తన చుట్టూ ఉన్న ప్రపంచాన్ని కొలుస్తూ ఉంటాడు. ఏడిస్తే ఎవరైనా వస్తారా? ఆకలి వేస్తే అన్నం దొరుకుతుందా? ఈ కొలతలను బట్టియే దేహం తన రాబోవు జీవితానికి సిద్ధపడుతుంది.

కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో మైకేల్ మీనీ బృందం 1997లో ప్రకటించిన పరిశోధన ఈ విషయాన్ని ఎలుకలలో చూపింది. పిల్లలను ఎక్కువగా నాకి నిమిరే తల్లుల వద్ద పెరిగిన ఎలుకలు, పెద్దవైన పిమ్మట ఒత్తిడికి తక్కువగా చలించాయి. వాటి హిప్పోకాంపస్‌లో కార్టిసాల్ వంటి హార్మోన్లను గుర్తించే గ్రాహకాలు అధికంగా ఉన్నాయి. ఒక తల్లి పిల్లలను మరొక తల్లి వద్ద ఉంచి చూసినప్పుడు, కన్నతల్లి కంటె పెంచిన తల్లి తీరే పిల్లలలో కనిపించిందని అదే బృందం 2004లో తెలిపింది. జన్యువు మారలేదు. జన్యువు ఎంత పనిచేయాలో నిర్ణయించే రసాయన గుర్తులు మారాయి.

మనుష్య శిశువు ఎలుక కాదు. అయినా దీర్ఘకాలం భయంలో పెరిగిన పిల్లలలో ప్రమాదాన్ని పసిగట్టే అమిగ్డలా అతిగా మేల్కొని ఉండడమూ, ఆలోచించి అడుగువేయించే ముందుమెదడుకు పట్టు తగ్గడమూ అనేక అధ్యయనాలలో కనిపించింది. అటువంటి బిడ్డ తరగతిలో చిన్న చప్పుడుకు ఉలిక్కిపడతాడు, ఊరికే కోపగిస్తాడు, లేదా ఏమీ పట్టనట్లు కూర్చుంటాడు. మనం వాడిని మొండివాడనో మొద్దనో అంటాము. ఇక కార్టిసాల్ దీర్ఘకాలం అధికంగా ఉంటే నడుము చుట్టూ కొవ్వు చేరుతుంది, ఇన్సులిన్ పనితనం తగ్గుతుంది. ఆ విధంగా భయం, చక్కెర ఒకే గొలుసులోని కడియాలవుతాయి.

దేహానికి ఆకలి కూడా ఒక ఒత్తిడియే. 1944–45 శీతకాలంలో యుద్ధం వలన హాలెండులో తీవ్రమైన కరవు వచ్చింది. ఆనాడు తల్లిగర్భంలో ఉన్నవారిని సుమారు యాభై ఏళ్ళ వయసులో పరీక్షించగా, రక్తంలో చక్కెరను అదుపుచేసే శక్తి తక్కువగా ఉన్నట్లు 1998లో వెల్లడైంది. అది శత్రుసైన్యం తెచ్చిన కరవు గదా, మనకేమి సంబంధమని అనుకోవచ్చు. కాని దీనికి ఎదురుమళ్ళింపు వంటి నిదర్శనం మన తెలుగునేలపైనే ఉన్నది.

1975 అక్టోబరు 2న దేశంలో సమగ్ర శిశు అభివృద్ధి పథకం ప్రారంభమై, క్రమంగా ఊరూరా అంగన్‌వాడీలు వెలిశాయి. పథకం అన్ని గ్రామాలకు ఒకేసారి చేరలేదు. దీనిని ఆధారం చేసుకొని, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 1987–90 మధ్య నగర సమీపంలోని 29 గ్రామాలలో ఒక అధ్యయనం నడిపింది. పథకం చేరిన 15 గ్రామాలలో గర్భిణులకు, బాలింతలకు, ఆరేళ్ళలోపు పిల్లలకు దినదినమూ మొక్కజొన్న, సోయా పిండితో చేసిన ఉప్మా పెట్టారు. తల్లులకు అందినది సుమారు 500 కేలరీలు, పిల్లలకు 300. తక్కిన 14 గ్రామాలకు పథకం అప్పటికి చేరలేదు.

తరువాత 2003–05లో పరిశోధకులు ఆ గ్రామాలకు తిరిగి వెళ్ళారు. నాటి పసివారు అప్పటికి 13 నుండి 18 ఏళ్ళవారు. వెయ్యికి పైగా పిల్లలను కొలిచి, రక్తం పరీక్షించారు. ఫలితాలు 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చాయి. ఉప్మా అందిన గ్రామాల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడవుగా ఉన్నారు. వారిలో ఇన్సులిన్ నిరోధకత సుమారు 20 శాతం తక్కువ. ధమనుల బిరుసుతనం కూడా తక్కువే. దేహంలోని కొవ్వులో చెప్పుకోదగ్గ భేదం లేదు. అనగా బయటికి ఇంచుమించు ఒకే విధంగా కనిపించే ఇద్దరు పిల్లల లోపలి సెట్టింగు వేరుగా ఉన్నది. ఇది ప్రధానంగా ఆహారానికి సంబంధించిన పరిశీలన, భయానికి సంబంధించినది కాదు. ఒక్క అధ్యయనంతో సర్వమూ తేలిపోదు కూడా. కాని గిన్నెడు ఉప్మా దశాబ్దం దాటిన తరువాత రక్తంలో జాడ చూపినదంటే, తొలినాళ్ళ విలువ ఎంతటిదో ఊహించవచ్చు.

ఇక్కడ తల్లులను నిందించే ప్రమాదం ఒకటి ఉన్నది. దానిని మేము గట్టిగా వారించదలచాము. ఏడ్చిన ప్రతి పూటా మెదడుకు గాయం కాదు. సూదిమందు, బడిలో మొదటిరోజు వంటి కొద్దిపాటి ఒత్తిడి బిడ్డకు మేలే చేస్తుంది. తుపాను, ఇంట్లో మరణం వంటి పెద్ద దెబ్బనైనా, ఆదుకొనే ఒడి ఉంటే బిడ్డ తట్టుకోగలడు. హాని చేసేది ఆ ఒడి దొరకక, ఎడతెగక సాగే ఒత్తిడి. కిరుమాంబాక్కంలో మేము చూసిన తల్లికి ప్రేమ కొరవడలేదు. తట్ట దింపే వెసులుబాటే కొరవడింది.

మరొక సంగతి. కాంక్రీటు ఉపమానం ఒకచోట చెల్లదు. రుమేనియా అనాథాశ్రమాలలో పెరిగిన 136 మంది పసిపిల్లలపై బుకారెస్టులో ఒక అధ్యయనం జరిగింది. చీటీ వేసినట్లు ఎంపికచేసి, సగంమందిని పెంపుడు కుటుంబాలకు అప్పగించారు. కుటుంబాలకు వెళ్ళిన పిల్లల బుద్ధివికాసం మెరుగుపడింది. ముఖ్యంగా రెండేళ్ళలోపు వెళ్ళినవారు ఎక్కువగా కోలుకున్నారు. ఆశ్రమంలోనే ఉండిపోయినవారిలో ఒత్తిడికి దేహం స్పందించడమే మొద్దుబారింది. చిన్నవయసులో ఇంటికి చేరినవారిలో ఆ స్పందన సాధారణ స్థాయికి వచ్చింది. గట్టిపడిన స్లాబును తిరిగి పచ్చిగా చేయలేము. బిడ్డ అట్లా కాదు, కోలుకోగలడు. ఎంత త్వరగా చేయి అందిస్తే అంత మేలు.

ఇది వైద్యుల పని అని ప్రక్కకు నెట్టవచ్చు. కాని ఆ ఉయ్యాల వైద్యశాలలో లేదు, మన పనిస్థలంలో ఉన్నది. స్త్రీలు పనిచేసేచోట పిల్లల గది ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది. భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లో చేసిన చట్టమూ అదే చెప్పింది. ప్రసూతి సెలవును 26 వారాలకు పెంచిన 2017 నాటి సవరణలోనూ పిల్లల గది ప్రస్తావన ఉన్నది. చట్టాలు ఇన్నిమార్లు చెప్పినా, స్థలంలో ఆ గది ఎక్కడ ఉండాలో గీసేది మనమే.

కొత్త పని చేపట్టినప్పుడు తాత్కాలిక కట్టడాల జాబితాలో మొదట సిమెంటు గోదాము వ్రాస్తాము. దాని నేల ఎంత ఎత్తున ఉండాలో, చెమ్మ తగలకుండా బస్తాలు ఎట్లా పేర్చాలో మొదటిరోజే ఆలోచిస్తాము. ఆ జాబితాలోనే రెండవ పంక్తిలో పిల్లల గదిని వ్రాసుకోవాలని మా మనవి. నీడ, కుళాయి, రెండు పూటలా వేడి ఆహారం, రోజుకొకరు మారకుండా పిల్లలను కనిపెట్టుకొని ఉండే ఒక ఆయా చాలు. పాలిచ్చే తల్లికి కూలి కోయకుండా విరామం ఇవ్వాలి. ఆ వేళలను కూడా క్యూరింగు వేళల వలెనే రిజిస్టరులో వ్రాయాలి. వ్రాసినది తనిఖీకి వస్తుంది. తనిఖీకి వచ్చినది జరుగుతుంది. ఇది మన వృత్తిలో అందరికీ తెలిసినదే.

కిరుమాంబాక్కంలో మా తేనీరు పూర్తయ్యేలోగా తల్లి తట్ట దింపి ఉయ్యాల వద్దకు వచ్చింది. అక్కడి మేస్త్రీ ఆమెను ఏమీ అనలేదు. బిడ్డ ఏడుపు ఆగింది. ముప్పై ఏళ్ళ క్రితం మేము అనవలసిన మాట కూడా ఒకటే: "ముందు పోయి బిడ్డను చూసుకో అమ్మా, స్లాబు సంగతి మేము చూస్తాము."