అవ్వ రూపాయికి అమెరికా నంబరు ఎందుకు?

పోస్టు కొంచెం పొడుగైంది. ఓపిక ఉన్నవాళ్లు పూర్తిగా చదవండి. లేనివాళ్లు ఈ ఒక్క ముక్క పట్టుకోండి చాలు: ట్రంకుపెట్టెలోని పాత వెండి రూపాయిలను ఇప్పుడప్పుడే ఎవరి చేతికీ ఇవ్వద్దు.

మన రాయచెర్లు సంఘం గ్రూపులో పది దినాలుగా ఒకటే మాట. ఇండ్లల్లో ఉన్న రాణి బొమ్మ, రాజు బొమ్మ రూపాయిలను అమెరికా కంపెనీకి పంపి 'గ్రేడింగ్' చేయించాలంట. వాళ్లు నాణెం చూసి డెబ్బైకి ఇన్ని అని నంబరు వేసి, గట్టి ప్లాస్టిక్ డబ్బీలో పెట్టి సీలు చేసి పంపుతారంట. డబ్బీలో ఉంటే అదే రూపాయి లక్షలు పలుకుతుందంట. ఒక్కో నాణేనికి 2,500 రూపాయలు ముందే కట్టాలి. బెంగళూరులో ఒక ఏజెంటు అందరివీ కలిపి పంపుతాడు, సంఘం పేరు మీద పోతే రేటు తగ్గిస్తాడు. ఇదీ ప్రతిపాదన. మేము కొందరం దీనికి ఒప్పుకోవడం లేదు. గ్రూపులో ముక్కలు ముక్కలుగా చెప్తే తగాదా అవుతోంది కాబట్టి ఇక్కడ ఒకేసారి రాస్తున్నాం.

ఈ సంగతి మన ఇండ్లల్లోకి పిల్లల కార్డుల దారిన వచ్చింది. బెంగళూరులోనూ అమెరికాలోనూ ఉన్న మనవాళ్ల పిల్లలు పోకెమాన్ కార్డులు కొంటారు, వాటికి పీఎస్‌ఏ అనే కంపెనీ ఒకటి నుంచి పది దాకా మార్కులు వేస్తుంది. పది వచ్చిన కార్డుకు ఒక ధర, తొమ్మిది వచ్చిన అదే కార్డుకు అందులో సగం కూడా రాకపోవచ్చు. నాణేలకు ఇదే పని చేసేవి పీసీజీఎస్, ఎన్‌జీసీ. మొదటిది 1986లో, రెండోది 1987లో మొదలయ్యాయి. పీఎస్‌ఏ, పీసీజీఎస్ రెండింటికీ యజమాని ఒకే కంపెనీ, కలెక్టర్స్ యూనివర్స్. 2021లో దాన్ని కొందరు పెట్టుబడిదారులు 80 కోట్ల డాలర్లకు పైగా పెట్టి కొన్నారు. మార్కులు వేయడం ఎంత పెద్ద వ్యాపారమో దీన్నిబట్టే అర్థం చేసుకోవచ్చు.

గ్రేడింగ్ అంటే ఏమిటో మనకు కొత్తగా ఎవరూ నేర్పక్కర్లేదు. శెనక్కాయలు మండీకి తోలుకుపోయినప్పుడు కొనేవాడు మూటలో చెయ్యి పెట్టి గుప్పెడు తీస్తాడు, చెవి దగ్గర ఆడిస్తాడు, రెండు కాయలు ఒలిచి నమిలి తేమ ఉందంటాడు. ఆ ఒక్క మాటతో క్వింటాల్ మీద ఎంత పోతుందో మన నాయనలకు తెలుసు. పక్క అంగట్లో అదే మూటకు ఇంకో మాట వస్తుంది. చూపు మనిషిది, నష్టం మనది. డబ్బీ కంపెనీలోనూ నాణేన్ని చూసేది మనుషులే. ఒకసారి 63 వచ్చిన నాణేన్ని డబ్బీ పగలగొట్టి తీసి మళ్లీ పంపితే 64 రావచ్చు, 62 రావచ్చు. అమెరికాలో ఇదే పనిగా పెట్టుకున్న వ్యాపారులు ఉన్నారు. 1990లో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ పీసీజీఎస్ మీదే కేసు వేసింది. తమ గ్రేడింగ్ ఎప్పుడూ ఒకే తీరుగా, ఎవరి ఇష్టాయిష్టాలూ లేకుండా ఉంటుందని ప్రకటనల్లో ఎక్కువ చేసి చెప్పారన్నది ఆరోపణ. కేసు రాజీతో ముగిసింది.

కార్డుల సంగతి ఇంకా విడ్డూరం. పీఎస్‌ఏ 1991లో మొట్టమొదట మార్కు వేసిన కార్డు హోనస్ వాగ్నర్ అనే పాత బేస్‌బాల్ ఆటగాడిది. దానికి పదికి ఎనిమిది వేశారు. ఆ కార్డు 2007లో 28 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. దాన్ని మొదట్లో చేతులు మార్చిన బిల్ మాస్ట్రో అనే వ్యాపారి, అంచులు బాగా కనబడాలని తానే కత్తిరించానని 2013లో కోర్టు కేసులో ఒప్పుకున్నాడు. కత్తిరించిన కార్డుకు మార్కు వేయకూడదన్నది ఆ కంపెనీ సొంత నియమమే. ఒకటో నంబరు సర్టిఫికెట్ దగ్గరే ఇట్లయితే మన నాణేల గతి ఏమిటని అడుగుతున్నాం.

ఇక ఖర్చు. తక్కువ రకం సేవకే ఒక్కో నాణేనికి ఇరవై డాలర్లకు అటూ ఇటూ. దానిమీద సభ్యత్వం, పోను రాను కొరియరు, ఇన్సూరెన్సు, సుంకం, ఏజెంటు కమీషను. ఇంకో తిరకాసు ఉంది. వస్తువు విలువ పెరిగేకొద్దీ ఫీజు పెరుగుతుంది. కార్డుల్లోనైతే మార్కు బాగా వచ్చి ధర పెరిగిందంటే, పైన ఇంత కట్టమని తర్వాత కూడా అడుగుతారు. మూట రేటు పెరిగితే తూకం వేసేవాడి కూలీ కూడా పెరుగుతుందంటే ఆ తూకాన్ని మీరు నమ్ముతారా? మన దేశంలో బంగారం హాల్‌మార్క్ చూడండి. వస్తువుకు 45 రూపాయలు, పైన జీఎస్టీ. ముక్కుపుడకైనా వడ్డాణమైనా అదే రేటు. ముద్రలో ఉన్నదానికంటే బంగారం తక్కువని తేలితే, తేడాకు రెండింతలు అమ్మినవాడు ఇవ్వాలని నిబంధన. డబ్బీ కంపెనీలకు కూడా గ్యారంటీ ఉంది, లేదనడం లేదు. కానీ తప్పు జరిగిందని మీరంటే ఆ నాణేన్ని మళ్లీ వాళ్లకే పంపాలి, వాళ్లే చూసి తేల్చాలి.

ఇదంతా ఒక ఎత్తు. అసలు మన ఇండ్లల్లో ఉన్న నాణేలు ఎట్లాంటివి? ఇక్కడ కొంచెం నిదానంగా చదవండి.

మన అవ్వలు రూపాయిలను కలశంలో వేశారు, వరమహాలక్ష్మి పూజలో పెట్టారు. పండగ వచ్చిన ప్రతిసారీ చింతపండు, బూడిద వేసి తళతళలాడేట్టు తోమారు. కొన్నింటికి కొక్కెం అతికించి కూతుళ్ల మెళ్లో దండలుగా వేశారు. అది వాళ్ల భక్తి, వాళ్ల ముచ్చట. కానీ గ్రేడింగ్ వాళ్ల లెక్కలో తోమిన నాణెం చెడిపోయిన నాణెం, కొక్కెం అతికించింది ఇంకా చెడిపోయింది. అట్లాంటివాటికి నంబరే వేయరు. 'డీటెయిల్స్' అని, పక్కన శుభ్రం చేశారనో నగకు వాడారనో రాసి డబ్బీలో పెట్టి పంపేస్తారు. ఫీజు మాత్రం వెనక్కి రాదు. అంటే 2,500 కట్టి, ఈ రూపాయిని మీ అవ్వ చింతపండుతో తోమింది అని అమెరికా నుంచి రాయించుకోవడం. ఆ సంగతి మనకు తెలియనిదా? ఏజెంటు ఈ మాట ఒక్కచోట కూడా చెప్పలేదు. అతను పంపిన వీడియోలు మేము మూడుసార్లు చూశాం.

పైగా ఈ రూపాయి ఏమైనా అపురూపమా? విక్టోరియా రూపాయిలు కోట్ల కొద్దీ కొట్టారు. 11.66 గ్రాముల బరువు, నూటికి దాదాపు 92 పాళ్లు వెండి. తులం అనే తూకమే ఆ రూపాయి బరువు. మన తాతలు దాన్ని రాయిగా పెట్టి బంగారం తూచారు. తూకానికే తూకమైన దాన్ని ఇప్పుడు ఎవరో తూచి చెప్పాలంట! 1940 తర్వాతి జార్జ్ ఆరో రాజు రూపాయిల్లో వెండి సగమే. 1947 రూపాయిలో వెండే లేదు, నికెల్.

అపురూపమైనవి లేవని కాదు. 1911లో జార్జ్ ఐదో రాజు రూపాయి మీద, రాజు అంగీపై ఉన్న ఏనుగు బొమ్మ పంది మాదిరి కనబడుతోందని జనం గొడవ చేశారు. చాలా మటుకు వెనక్కి తీసుకుని కరిగించి, మరుసటి ఏడు బొమ్మ మార్చారు. ఆ 'పంది రూపాయి' మీ ఇంట్లో ఉంటే దానికి నకిలీలు కూడా ఉంటాయి కాబట్టి తెలిసినవాళ్లకు చూపించడంలో అర్థముంది. అట్లాంటి ఒక్కదాని కోసం ఊరందరి పెట్టెలు ఊడ్చి పంపమనడం ఏం న్యాయం?

చట్టం సంగతి ఇంకా గట్టిది. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేండ్లు నిండిన నాణెం పురావస్తువే. దాన్ని దేశం దాటించే అధికారం కేంద్ర ప్రభుత్వానికో, అది అనుమతించిన సంస్థకో తప్ప ఎవరికీ లేదు. తప్పితే ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు. విక్టోరియా, ఎడ్వర్డ్ రూపాయిలన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. జార్జ్ ఐదో రాజువి చాలా మటుకు వస్తాయి. చేలో దున్నేటప్పుడు దొరికిన పాత వరహాల మాట చెప్పనే అక్కర్లేదు. ఏజెంటును అడిగితే "అదంతా మేం చూసుకుంటాం అన్నా" అన్నాడు. ఏం చూసుకుంటాడు? పార్శిలు మీద సంఘం పేరు ఉంటే కస్టమ్స్ వాళ్లు పిలిచేది సంఘం అధ్యక్షుణ్ణి. పాత నాణేలు కొంటాం, ముందు ఫీజు కట్టండి అనేవాళ్లతో జాగ్రత్త అని రిజర్వ్ బ్యాంకు కూడా 2021 ఆగస్టులో హెచ్చరించింది. ఈ ఏజెంటు అట్లాంటివాడని మేము అనడం లేదు. ముందు దుడ్లు, తర్వాత మాటలు అనే పద్ధతి మాత్రం అదే.

"మీరు చేయరు, చేసేవాళ్లను చేయనివ్వరు" అని ఒక తమ్ముడు గ్రూపులో రాశాడు. తమ్ముడూ, నీ సొంత పోకెమాన్ కార్డు నీ సొంత దుడ్లతో పంపుకో, మేము అడ్డం రాము. ఒంటరిగా ఉన్న ముసలమ్మ దగ్గర సంఘం పేరు చెప్పి మూడు రూపాయిలూ 7,500 కట్టించుకోవడానికే మేము అడ్డం.

నిజంగా ఏదో ఒకటి చేయాలనుంటే ఖర్చు లేని పని ఉంది. ఆదివారం ఎవరి రూపాయిలు వాళ్లు తీసుకురండి. తోమద్దు, ఉన్నవి ఉన్నట్టే. సంవత్సరం, బొమ్మ రాసుకుందాం, రెండు పక్కలా ఫోటో తీద్దాం, చిన్న కాటా పెట్టి బరువు చూద్దాం. 1911ది కనబడితే బెంగళూరులో జరిగే నాణేల ప్రదర్శనకు ఇద్దరు పెద్దలు వెంటబెట్టుకుని పోయి చూపించి వస్తారు, బస్సు ఛార్జీ సంఘం ఇస్తుంది. సంఘం పేరు మీద పార్శిలు పంపకూడదని తీర్మానం కూడా ఆ రోజే పెడుతున్నాం. ఇప్పటికే నాలుగు ఇండ్లవాళ్లు ఏజెంటుకు నాణేలు ఇచ్చారని విన్నాం. రసీదు ఉంటే తీసుకురండి. లేకపోతే ఈ రాత్రికే ఫోన్ చేసి, ఏ సంవత్సరానివి ఎన్ని ఇచ్చారో అతని చేత వాట్సాప్‌లో రాయించుకోండి.