పక్క దేశాలకు నిధులా, మన పొలాలకు నీళ్ళా?

మన పన్నుల డబ్బుతో పరాయి దేశాల్లో డ్యాములు, రోడ్లు కట్టడమేమిటి, ఇక్కడ కాలువలకు మాత్రం నిధుల్లేవనడమేమిటి? సభల్లో రైతులు మమ్మల్ని తరచూ అడిగే ప్రశ్న ఇది. న్యాయమైన ప్రశ్నే. అయితే మన కోపం ఎవరి మీద ఉండాలో ముందు తేల్చుకోవాలి.

అఫ్ఘానిస్తాన్‌లోని హెరాత్ రాష్ట్రంలో సల్మా డ్యామును కేంద్ర ప్రభుత్వం 1,700 కోట్ల రూపాయలకు పైగా ఖర్చుపెట్టి కట్టించింది. 75 వేల హెక్టార్లకు నీరు, 42 మెగావాట్ల కరెంటు దాని లక్ష్యం. యుద్ధం నడుస్తున్న దేశంలో పని పూర్తిచేసి 2016 జూన్ 4న ప్రారంభించారు.

ఇక మన వెలిగొండ సంగతి చూద్దాం. ప్రకాశం, నెల్లూరు, కడప జిల్లాల్లో 4.47 లక్షల ఎకరాలకు నీళ్ళివ్వాల్సిన ఈ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన చేశారు. 2014 విభజన చట్టం 11వ షెడ్యూలులో కూడా దీని పేరుంది. 2024 మార్చిలో సొరంగాలను ప్రారంభించేనాటికి కూడా ముంపు గ్రామాల వాళ్ళకు పునరావాసం పూర్తి కాలేదు. పశ్చిమ ప్రకాశం పల్లెలు ఫ్లోరైడ్ నీళ్ళతో, వలసలతో కాలం గడిపాయి.

అలాగని హెరాత్ రైతు మన శత్రువు కాడు. అతని చేనుకూ నీళ్ళు కావాలి. ఆ 1,700 కోట్లు ఆపినంత మాత్రాన మన కరువు తీరేది కాదు. 2019 సెప్టెంబరులో కార్పొరేట్ పన్నును 30 శాతం నుంచి 22 శాతానికి తగ్గించారు. దానివల్ల ఏటా 1.45 లక్షల కోట్ల ఆదాయం పోతుందని ప్రభుత్వమే చెప్పింది. ఆ సొమ్ముతో సల్మా లాంటి డ్యాములు 80 కట్టొచ్చు. మన నీళ్ళు పోయిన దారి అది.

విదేశాలకు ఎగ్జిమ్ బ్యాంకు ద్వారా ఇచ్చే రుణాల్లోనూ ఒక మెలిక ఉంది. సరుకులు, సేవల్లో సాధారణంగా 75 శాతం మన దేశం నుంచే కొనాలి. సాయం పొరుగు దేశానికి, కాంట్రాక్టు ఇక్కడి పెద్ద కంపెనీలకు!

అందుకే మేము కోరేది ఇది. విదేశీ ప్రాజెక్టుల ఖర్చు, కాంట్రాక్టుల వివరాలు పార్లమెంటు ముందు పెట్టాలి. కార్పొరేట్ రాయితీలు రద్దుచేసి ఆ సొమ్ము సాగునీటికి మళ్ళించాలి. వెలిగొండ నిర్వాసితులకు మొత్తం పరిహారం చెల్లించి, చివరి ఎకరా దాకా నీళ్ళివ్వాలి. ఓట్లడగడానికి వచ్చే ప్రతి నాయకుణ్ణీ ఈ మూడింటి మీదే నిలదీద్దాం.