మంగళవారం ఏడు గంటలకు

"వారం వారం ఆ క్లబ్బులో మీరు చేసేదేమిటండీ, వడలు తినడం తప్ప?" అని మన సంఘం ఉగాది సభలో ఒక సోదరి అడిగారు. అప్పటికి నవ్వి ఊరుకున్నాను.

మా బరంపురంలో రోటరీ సమావేశం మంగళవారం సాయంత్రం ఏడింటికి. గంట కొడతారు, ప్రార్థన అవుతుంది. తరువాత సార్జెంటుగారి వసూళ్లు: బ్యాడ్జీ మరచినవారికి 20 రూపాయల జరిమానా, మనుమడు పుట్టినవారు ఆనందంగా డబ్బాలో 100. ఆపైన ఒక ఉపన్యాసం, ఆ వడలు. 1905లో చికాగోలో ఇది మొదలైనప్పుడు సభ్యుల ఆఫీసులలో వంతులవారీగా కలిసేవారు. రోటరీ అన్న పేరు అందుకే. వరుసగా నాలుగు సమావేశాలు తప్పితే సభ్యత్వమే పోయే రోజులుండేవి. 2016 నుంచి నెలకు రెండుసార్లు కలిసినా చాలన్నారు.

కోశాధికారిగా లెక్క వేసింది నేనే. హాలు అద్దె, ఫలహారాలు కలిపితే కంటి శిబిరం ఖర్చును మించాయి. ఇకపై నెలకు రెండే అని తీర్మానం రాసి ఇచ్చాను. కామర్సు చదివినవాడికి ఖర్చు కనబడినంత తొందరగా మరొకటి కనబడదు.

ఆ వారం రావలసిన వక్త రాలేదు. అధ్యక్షులు నన్ను నిలబెట్టారు. నాకు తెలిసింది నామినేషను. నామినీ అంటే డబ్బుకు యజమాని కాడనీ, బ్యాంకు నుంచి తీసుకుని వారసులకు అప్పగించవలసినవాడనీ చెప్పాను. 2025 నవంబరు 1 నుంచి డిపాజిట్టుకు నలుగురి వరకు రాయవచ్చు, ఎవరికెంత వాటాయో కూడా. నామినీ ముందే పోతే ఆ నామినేషను చెల్లదు. మరొకరి పేరు రాయకపోతే తరువాత పిల్లలు వారసత్వ పత్రాలనీ హామీలనీ తిరగాలి.

అందరూ వెళ్లాక మా క్లబ్బు పెద్దాయన ఒకరు గుమ్మం దగ్గర ఆగారు. రిటైరైన మాస్టారు.

"మూడు రసీదులున్నాయి బాబూ. మూడింటిలోనూ ఆవిడ పేరే."

ఆవిడ పోయి ఆరేళ్లు.

"మార్చేయండి మాస్టారూ, చిన్న ఫారమే."

"ఫారం చిన్నదే. ఆ పేరు నా చేత్తో కొట్టెయ్యాలిగా."

నేనేమీ అనలేకపోయాను. మరుసటి మంగళవారం సంచిలో రసీదులు తెచ్చారు. ఉపన్యాసం సాగుతుండగానే వెనక కుర్చీల్లో ముగ్గురు పిల్లల పేర్లు రాశాం, ఒకరు విశాఖ, ఒకరు బెంగళూరు, అమ్మాయి రాయపూర్. బ్యాంకు ఆయనది వేరు. అక్కడ ఇచ్చి రసీదు తీసుకోవడం మరవవద్దన్నాను. పదిహేను రోజుల ఎడం ఉంటే ఆ సంచి మళ్లీ బీరువాలోకే పోయేదని నా అనుమానం. అంతకుముందు ఆరేళ్లు అందులోనే ఉంది కదా!

ఆపై వారం మాస్టారు డబ్బాలో 100 వేశారు. సందర్భమేమిటని సార్జెంటుగారు అడిగారు.

"ఏమీ లేదు. ఆవిడ పేరున రాసుకోండి."

సభలో బ్యాంకు పని చేసినందుకు నాకు 20 జరిమానా పడింది. నా తీర్మానం వచ్చే మంగళవారం చర్చకు వస్తుంది. ఇంకా వెనక్కు తీసుకోలేదు. హాలు అద్దె లెక్క తప్పేమీ కాదు మరి.