కంపెనీ లెటర్ వచ్చింది, పోవాల్నా వద్దా?



పోయిన వారం గంగారం మండలం నుంచి ఒక చెల్లె ఫోన్ చేసింది. హన్మకొండలో బీటెక్ ఆఖరి సంవత్సరం చదువుతున్నది. హైదరాబాద్‌లో పేరున్న ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఆరు నెలల ఇంటర్న్‌షిప్‌కు సెలెక్ట్ అయింది. "అన్నా, సోమవారం లోపల చెప్పమంటున్నరు. పోవాల్నా, వద్దా?" అని అడిగింది.

నా నోట్లకెళ్లి మొదట వచ్చిన మాట "వద్దు". అది ఎందుకు వచ్చిందో, తర్వాత ఎందుకు మార్చుకున్ననో ఇక్కడ రాస్తున్న. ఎందుకంటే ఇది ఒక్క ఆమె సంగతి కాదు. మానుకోటల, భూపాలపల్లిల, జనగామల డిగ్రీ, బీటెక్ చదివే మన పిల్లలందరికి ఏదో ఒక రోజు ఈ ప్రశ్న వస్తది.

నేను వద్దన్నది ఆమె మంచి కోసం కాదు. వాళ్ల గూడెంలో అటవీ హక్కుల దరఖాస్తులు నింపేది ఆ చెల్లెనే. గ్రామసభ తీర్మానం రాసేది ఆమెనే. ఆర్టీఐ కాగితం పెట్టాలన్నా, ఐటీడీఏకు అర్జీ రాయాలన్నా అందరూ ఆమె ఇంటి ముందే నిలబడ్తరు. ఆమె పోతే ఈ పని ఎవరు చేస్తరు? ఇదే నా భయం. అంటే సంఘం బలహీనతను ఆమె నెత్తిన పెట్టబోయిన. ఒక్క పిల్ల పట్నం పోతే ఆగిపోయే పని అయితే, తప్పు ఆ పిల్లది కాదు. రెండో మనిషిని తయారుచేయని మనది.

ఇంట్లో కూడా ఒక్క మాట లేదు. నాయిన "సర్కారు నౌకరికి చదువు, కంపెనీది ఏం నమ్మకం" అంటున్నడు. అవ్వ "పట్నం పోయిన పిల్ల మల్ల పోడు చెలక మొఖం చూస్తదా" అంటున్నది. ఇద్దరి మాటల్లో నిజం ఉన్నది. అందుకే ఒక్కొక్కటి చూద్దాం.

ముందు సర్కారు నౌకరి సంగతి. మనకు ఏజెన్సీల టీచర్ ఉద్యోగమంటే ఒక దారి. 2000 జనవరిలో వచ్చిన జీవో నంబర్ 3 షెడ్యూల్డ్ ఏరియాలోని టీచర్ పోస్టులన్నీ స్థానిక ఆదివాసులకే అన్నది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం దాన్ని కొట్టేసింది. ఆ దారి సగం మూసుకపోయింది. తర్వాత 2022లో రాష్ట్రంలో మన రిజర్వేషన్ 6 శాతం నుంచి 10 శాతానికి పెరిగింది, మంచిదే. కానీ శాతం పెరిగితే సరిపోదు, నోటిఫికేషన్ రావాలె కదా. 2017 టీఆర్టీ తర్వాత మళ్ల టీచర్ పోస్టులు నింపింది 2024 డీఎస్సీలోనే. గ్రూప్-1 అయితే 2022లో నోటిఫికేషన్ ఇచ్చి, ప్రిలిమ్స్ రెండు సార్లు రద్దయి, 2024లో కొత్తగా మొదలుపెట్టిండ్రు. ఆ ఏండ్లన్నీ అశోక్‌నగర్ రూముల్లో అప్పు తెచ్చి కిరాయి కట్టిన మనోళ్లు ఎంతమందో మీకు ఎరుకే. నౌకరి కోసం కొట్లాడుడు మానొద్దు. కానీ ఒక్క దారి మీదనే బతుకంతా పెట్టమని ఒక పేద ఇంటి పిల్లకు చెప్పే హక్కు నాకు లేదు.

ఇగ కంపెనీ సంగతి. నాయిన చెప్పినట్టు నమ్మకం తక్కువనే. 2025 జూలైలో టీసీఎస్ లాంటి పెద్ద కంపెనీనే 12 వేలకు పైగా ఉద్యోగాలు తీసేస్తున్నమని చెప్పింది. కొత్తగా చేరెటోళ్లు చేసే చిన్న పనులు ఇప్పుడు ఏఐ తోని చేయిస్తున్నరు. పైగా ప్రైవేటు రంగంలో మనకు రిజర్వేషన్ లేదు. 2004లో యూపీఏ కనీస ఉమ్మడి కార్యక్రమంలో ఈ మాట రాసిండ్రు, దేశమంతా చర్చ పెడ్తమన్నరు. ఇరవై ఏండ్లు దాటింది, చట్టం రాలేదు. మన భూమి కింద బొగ్గు ఉన్నదని భూపాలపల్లికి కంపెనీలు వచ్చినయి, చెల్పూరులో కరెంటు ప్లాంటు కట్టిండ్రు. బయ్యారంలో ఉక్కు ఫ్యాక్టరీ సంగతి పరిశీలిస్తమని 2014 విభజన చట్టంలోనే రాసిండ్రు, ఇప్పటిదాక రాలేదు. అందుకే కంపెనీ అనే మాట వింటేనే మనోళ్లకు అనుమానం. ఆ అనుమానం ఊరికే పుట్టలేదు.

అయినా నా అభిప్రాయం మారింది. రెండు కారణాలున్నయి.

ఒకటి. ఇప్పుడు మన హక్కులు కంప్యూటర్‌ల ఉన్నయి. 2020 అక్టోబర్‌లో ధరణి వచ్చింది, 2025 ఏప్రిల్‌లో దాని జాగాల భూభారతి వచ్చింది. పట్టా ఎవరి పేరు మీద ఉన్నదో తెలుసుకోవాలంటే మీసేవ కాడ లైన్ల నిలబడి, ఎవరో చూసి చెప్తే వినుడే మన పని అయింది. సాఫ్ట్‌వేర్ అంటే దయ్యం కాదు, ఎవరో ఒకరు కూర్చొని రాసిన లెక్క. ఆ లెక్క ఎట్ల రాస్తరో లోపలికి పోయి చూసినోళ్లు మనల ఉండాలె. భాష సంగతి కూడా అంతే. కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ 2025 సెప్టెంబర్‌లో ఆది వాణి అనే అనువాద యాప్ తెచ్చింది. సంతాలీ, భీలీ, ముండారీ, గోండీ భాషలతో మొదలుపెట్టిండ్రు. మన కోయ మాట ఆ మొదటి జాబితాలో లేదు. మన అవ్వ మాట్లాడే భాష ఫోన్‌ల వినపడాలంటే, ఆ పని తెలిసిన కోయ పిల్లలు కావాలె. వాళ్లు ఆకాశంలకెళ్లి ఊడిపడరు.

రెండోది కొమురం భీం కథ. మనం భీంను తుపాకీ పట్టిన బొమ్మలోనే చూస్తం. కానీ ఆయన జీవితం రాసినోళ్లు ఇంకో సంగతి కూడా చెప్పిండ్రు. ఆయన చాందాకు పోయి విఠోబా అనే ఆయన ప్రెస్సుల పనిచేసిండు, అక్కడ చదువూ భాషలూ నేర్చుకున్నడు. తర్వాత అస్సాం తేయాకు తోటల్ల ఏండ్లకేండ్లు కూలి చేసిండు. అటెన్క వచ్చి జోడేఘాట్ చుట్టు గూడేలను ఒక్కటి చేసి, 1940లో ప్రాణం ఇచ్చిండు. ఊరు ఇడిసి పోయినందుకు ఆయన పరాయోడు కాలేదు. పోయి నేర్చుకున్నది తెచ్చి ఇక్కడ పెట్టిండు. అవ్వ అడిగిన ప్రశ్నకు నా దగ్గర ఉన్న జవాబు ఇదే. పోవుడు తప్పు కాదు, తెగిపోవుడు తప్పు.

అందుకే ఆ చెల్లెకు పొమ్మన్న. కానీ కండ్లు మూసుకొని పొమ్మనలే. సంతకం పెట్టేముందు ఇవి చూసుకోమన్న, మీరూ చూసుకోండ్రి.

లెటర్ కంపెనీ సొంత మెయిల్ నుంచే వచ్చిందా? ట్రైనింగ్ ఫీజు, డిపాజిట్ అని ఒక్క రూపాయి అడిగినా అది ఉద్యోగం కాదు, దందా. అమీర్‌పేటల గట్ల పైసలు పోగొట్టుకున్న మనోళ్లు ఉన్నరు. నెలకు ఎంత ఇస్తరో కాగితం మీద ఉన్నదా? ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవ్వరికీ ఇవ్వొద్దు, జిరాక్సులే ఇయ్యాలె. బాండ్ ఉంటే ఎన్నేండ్లో, ఇడిసిపెడితే ఎంత కట్టాల్నో చదవాలె. ఆరు నెలల తర్వాత ఉద్యోగం ఇస్తరా లేదా అనేది ముందే అడగాలె. సెమిస్టర్ పరీక్షలకు సెలవు ఇస్తరో లేదో కూడా అడగాలె. అడుగుడంటే భయపడొద్దు, అడిగినందుకు తీసేసే కంపెనీ అయితే చేరకపోవుడే మేలు.

ఇంకో మాట. ఆ చెల్లెకు ఇచ్చేది నెలకు 15 వేలు. హాస్టల్‌కే ఏడు వేలు పోతది, మొదటి జీతం వచ్చేదాక చేతిల పైస ఉండదు. జనగామ పిల్లగాడు పొద్దున బండెక్కి సికింద్రాబాద్ పోయి రాత్రికి ఇంటికి రావొచ్చు. గంగారం పిల్లకు, పలిమెల పిల్లకు అది అయ్యే పనేనా? కేంద్రం 2024 అక్టోబర్‌లో మొదలుపెట్టిన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకంలో నెలకు 5 వేలు, చేరేటప్పుడు ఒకసారి 6 వేలు అన్నరు. 5 వేలతో హైదరాబాద్‌ల ఎవరు బతుకుతరు? ఇంటి నుంచి పైసలు వచ్చే పిల్లలే బతుకుతరు. అంటే తెలివి కాదు, మొదటి నెల కిరాయి మనలను ఆపుతున్నది.

కాబట్టి మన డిమాండ్ సాఫ్‌గా ఉండాలె. ఏటూరునాగారం ఐటీడీఏ ఇంటర్న్‌షిప్ వచ్చిన ప్రతి ఆదివాసీ విద్యార్థికి మొదటి మూడు నెలల హాస్టల్ ఖర్చు, ఒక లాప్‌టాప్ ఇయ్యాలె. జనగామ జిల్లాల షెడ్యూల్డ్ ఏరియా లేదు కాబట్టి అక్కడి పిల్లలకు గిరిజన సంక్షేమ శాఖ నుంచి ఇయ్యాలె. 2020లోనే వరంగల్ మడికొండల ఐటీ కంపెనీలు తెరిచిండ్రు. అక్కడ మన పిల్లలకు ఇంటర్న్‌షిప్ సీట్లు కేటాయించుమని ప్రభుత్వం మాట్లాడాలె. సర్కారు రాయితీ తీసుకునే కంపెనీ మన పిల్లలకు జాగా ఇయ్యాలె. ప్రైవేటు రిజర్వేషన్ చట్టం వచ్చేదాక ఆగితే ఇంకో తరం పోతది.

సర్కారు ఇచ్చేదాక సంఘం ఏం చేస్తది? ఉద్యోగాలల్ల ఉన్న మన అన్నలు, అక్కలు ఒక్కొక్కరు ఒక్క పిల్ల మొదటి నెల కిరాయి భరిస్తే చాలు. జీతం మొదలైనంక ఆ పిల్ల ఆ పైసలు ఇంకో పిల్లకు ఇస్తది. ఇది దానం కాదు, బదులు.

చెల్లె ఆదివారం రాత్రి ఒప్పుకుంటున్నట్టు మెయిల్ పెట్టింది. చేరేదాకా ఇంకా నెల ఉన్నది. ఆ నెలల గూడెంలో ఇంటర్ చదివే ఇద్దరు పిల్లలకు దరఖాస్తు ఎట్ల రాయాల్నో, గ్రామసభ పుస్తకం ఎట్ల నింపాల్నో నేర్పుతున్నది. నిన్న ఒక పిల్లగాడు రాసిన మొదటి అర్జీ నాకు ఫోటో తీసి పంపింది. తేదీ రాయుడు మరిచిపోయిండు. పర్వాలేదు, నేర్చుకుంటడు.

మీ ఊర్ల గిట్ల లెటర్ వచ్చి ఆగిపోయిన పిల్లలుంటే చెప్పండ్రి. కిరాయి కోసం ఎవ్వరూ ఆగొద్దు.

జై ఆదివాసీ. జల్, జంగల్, జమీన్.