పాత బండికి కొత్త ఫ్రేము - లాభమా? నష్టమా?

నేటి యువతకు పాత బుల్లెట్, జావా బళ్ళంటే మోజు ఎక్కువ. తుప్పు పట్టిన ఫ్రేము తీసేసి నచ్చినట్లు కొత్తది చేయించుకోవాలని చూస్తున్నారు. ఐ.టి.ఐ.లో వెల్డర్ ట్రేడు చదివే మన మిత్రులు కొందరు దీన్నే ఉపాధిగా ఎంచుకుందామనుకుంటున్నారు. దీనిపై మా అభిప్రాయం చెప్పదలిచాం.

ఫ్రేము గొప్పతనాన్ని మేము కాదనం. 1950లో మెకాండ్‌లెస్ సోదరుల 'ఫెదర్‌బెడ్' ఫ్రేముతో బరిలో దిగిన నార్టన్ బళ్ళు ఐల్ ఆఫ్ మాన్ సీనియర్ టి.టి. రేసులో మొదటి మూడు స్థానాలూ గెలిచాయి.

కానీ ఒక్క బండి కోసం ఫ్రేము చేయడం వేరు. పైపుల ఖర్చు తక్కువే. వాటిని కదలకుండా పట్టి ఉంచే జిగ్ తయారీకే డబ్బు, శ్రమ ఎక్కువ. 100 ఫ్రేములు చేస్తే ఆ ఖర్చు వందకూ సర్దుకుంటుంది. ఒక్కటే చేస్తే అంతా దాని మీదే పడుతుంది. వెల్డింగ్ వేడికి పైపు వంగితే చక్రాల వరుస తప్పి బండి పక్కకు లాగుతుంది. అతుకు విరిగితే ప్రాణానికే ముప్పు.

ఇక చట్టం. కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదని 2019లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. 2021 నిబంధనల ప్రకారం 50 ఏళ్ళు దాటిన బండికి 'వింటేజ్' గుర్తింపు కావాలన్నా ఛాసిస్ మార్చి ఉండకూడదు.

అందుకే ఉన్న ఫ్రేమును బాగుచేయడమే మేలంటాం. ఖర్చు తగ్గుతుంది, ఛాసిస్ నంబరు నిలుస్తుంది. ప్రమాదాల్లో వంగిన ఫ్రేములు ప్రతి ఊళ్ళోనూ ఉంటాయి కనుక చేతికి పనీ దొరుకుతుంది.

మిత్రులారా! ముందు వంకర తీసే పనితనం నేర్చుకుందాం. ఆ పనే మనకు అన్నం పెడుతుంది.